ఏడు అర్జీలు, ఒక ఖాళీ స్థలం: పురపాలక పారిశుద్ధ్య విభాగం నుంచి ఒక కేస్ స్టడీ

నేపథ్యం

గోదావరి డెల్టాలోని ఒక పురపాలక పట్టణంలో నేను శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ఉన్నప్పుడు, 2021 ఆగస్టు నుంచి 2023 జూన్ వరకు నడిచిన ఒక ఫిర్యాదును ఇక్కడ నమోదు చేస్తున్నాను. పట్టణం పేరు, వార్డు నంబరు, మనుషుల వివరాలు తీసివేశాను. ఎవరినైనా గుర్తుపట్టడానికి వీలిచ్చే ఒకటి రెండు సంగతులను మార్చాను. మా వైపు జరిగిన తప్పులను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను, ఎందుకంటే ఈ కేసు రాయడానికి కారణమే అవి.

కాలనీ ఒకప్పటి వరిచేల మీద వేసిన లేఅవుటు. నేల బంకమట్టి, నీరు ఇంకదు. మొదట ఇళ్లు కట్టుకున్నవాళ్లు మెరక తోలించుకుని పునాదులు లేపుకున్నారు. ఆ తర్వాత వీధికి సీసీ రోడ్డు పడింది, కొన్నేళ్లకు దాని మీదే ఇంకొకటి పడింది. పాత రోడ్డును తవ్వి తీయకుండా దాని మీదే కొత్తది పోయడం మన పట్టణాల్లో అందరికీ అలవాటైన పని; ప్రతిసారీ రోడ్డు లేస్తుంది, రెండు పక్కలా ఉన్న స్థలం ఆ మేరకు పల్లమవుతుంది. అందరూ ఇళ్లు కట్టుకోగా వీధి మధ్యలో 300 గజాల స్థలం ఒకటి అలాగే మిగిలిపోయింది. దాని నిండా సర్కారు తుమ్మ, అడుగున మోకాలి లోతు నల్లని నీరు, అంచుల వెంట చెత్త ఉండేవి.

ఫిర్యాదు

ఆ స్థలానికి తూర్పున ఉన్న ఇంటాయన ఉద్యోగ విరమణ చేసిన మనిషి. ఇంట్లో ఆయన, భార్య, ఎనభై దాటిన తల్లి ఉంటారు. ప్రజల అర్జీలు తీసుకునే సోమవారం స్పందన కార్యక్రమంలో ఆయన పెట్టిన మొదటి అర్జీలో నాలుగు విషయాలు ఉన్నాయి: దోమలు, దుర్వాసన, పాములు, రాత్రిపూట ఎవరో తెచ్చి పోస్తున్న చెత్త. చివర ఒక వాక్యం ఉంది: "స్థలం యజమాని అమెరికాలో ఉన్నందున మీరు ఆయన జోలికి వెళ్లరని తెలిసినా, మా అమ్మగారి ఆరోగ్యం కోసం రాస్తున్నాను." ఆ వాక్యాన్ని ఆ రోజు నేను కోపంగా చదివాను. అందులో ఒక ముఖ్యమైన సంగతి దాగి ఉందని ఏడాదిన్నర తర్వాత గాని తెలియలేదు. స్థలం యజమాని ఎవరో, తప్పు ఎవరిదో ఆ అర్జీ ముందే తేల్చేసింది. మేమూ ఆ తీర్పునే మా పరిశోధనగా తీసుకున్నాం.

మొదటి రెండు సీజన్లలో చేసినవి

అర్జీ వచ్చిన మూడో రోజున మేస్త్రిని, ఇద్దరు కార్మికులను పంపి అంచుల్లోని చెత్త తీయించాను, నీటి మీద దోమ పిల్లలను చంపే ఎంఎల్ ఆయిల్ చల్లించాను, ఫొటో తీయించి అర్జీని పరిష్కరించినట్టు నమోదు చేయించాను. గడువు లోపల అర్జీ ముగియకపోతే మర్నాటి టెలికాన్ఫరెన్సులో జవాబు చెప్పుకోవాలి. నూనె చల్లిన రోజు తీసిన ఫొటోలో ఏ స్థలమైనా బాగానే కనిపిస్తుంది. పన్నెండు రోజులకు రెండో అర్జీ వచ్చింది. మళ్లీ అదే పని చేశాం. ఇక్కడ నేను గమనించి ఉండవలసినది ఒకటుంది: ఆ పన్నెండు రోజుల్లో చెప్పుకోదగ్గ వాన పడలేదు. వాన లేకుండా, ఎండ కాస్తున్నా నీటి మట్టం ఇంచు కూడా తగ్గలేదంటే ఆ నీరు ఎక్కడి నుంచో రోజూ వస్తున్నట్టు లెక్క. మా రిజిస్టరులో చల్లిన నూనె లీటర్లు ఉన్నాయి గాని, నీటి మట్టం ఎంతో ఒక్కసారి కూడా రాసుకోలేదు.

మూడో అర్జీకి యజమానికి నోటీసు ఇవ్వాలని నిర్ణయించాం. పురపాలక చట్టం ప్రకారం ప్రజారోగ్యానికి హాని కలిగించే గుంతలను పూడ్చమని, పొదలను తొలగించమని యజమానిని కోరవచ్చు. ఆయన చేయకపోతే మేమే చేసి ఖర్చు రాబట్టుకోవచ్చు. చట్టం మాట సులువే. నోటీసు ఎవరి పేరున రాయాలన్నది మాత్రం సులువుగా తేలలేదు. ఆ స్థలానికి ఖాళీ స్థలం పన్ను ఎన్నడూ వేయలేదు గనుక మా రికార్డుల్లో అసెస్‌మెంటు (పన్ను మదింపు) లేదు, పేరు లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం, తీయిస్తే స్థలం రెండు చేతులు మారినట్టు తెలిసింది. చివరి దస్తావేజులోని చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన కవరు వారంలో తిరిగి వచ్చింది. దాంతో ఇద్దరు సాక్షుల ఎదుట పంచనామా రాసి, స్థలంలో పాతిన కర్రకు నోటీసు అంటించాం. కాగితం మీద అది సరైన విధానమే. తుమ్మపొదల మధ్య కర్రకు అంటించిన కాగితాన్ని ఎవరు చదువుతారన్న ప్రశ్నను మాత్రం మేము వేసుకోలేదు. అందులో "దుర్గంధం, అపరిశుభ్రత తొలగించవలెను" అని రాశాం తప్ప ఏం చేస్తే తొలగినట్టో, ఎన్ని రోజుల్లోనో, ఎవరిని సంప్రదించాలో రాయలేదు.

2022 వేసవిలో జేసీబీ పెట్టించి తుమ్మ మొత్తం కొట్టించాం. ఆ పని తర్వాత పరిస్థితి ఇంకా చెడింది. అంతకుముందు ముళ్లకంప ఉండబట్టి ట్రాక్టర్లు లోపలికి వచ్చేవి కావు; స్థలం చదునై దారి దొరకగానే ఇళ్లు పడగొట్టిన రద్దు, విరిగిన సిమెంటు, పాత టైర్లు రాత్రికి రాత్రి చేరాయి. వానాకాలం మొదలయ్యేసరికి టైర్లలోనూ కొబ్బరిబొండాల డొక్కల్లోనూ తేట నీరు నిలిచింది. నల్లటి మురుగులో పెరిగేది బోదకాలు వ్యాప్తి చేసే క్యూలెక్స్ దోమ. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు ఇలాంటి తేట నీరే కావాలి, గుడ్డు నుంచి దోమ కావడానికి దానికి వారం పది రోజులు చాలు. ముందు ఒక రకం దోమే ఉన్న చోట మా జేసీబీ పని రెండో రకానికి కూడా చోటు కల్పించింది. ఆరో అర్జీలో ఆ పెద్దాయన ఈ మాట రాయకపోయినా, టైర్ల ఫొటో జతచేశారు.

ఫైలు వెనక్కి రావడం

ఏడో అర్జీ తర్వాత మాకు మిగిలిన దారి ఒకటేననిపించింది. అప్పటి నేర ప్రక్రియా స్మృతి (సీఆర్‌పీసీ)లోని 133వ సెక్షన్ ప్రకారం ప్రజలకు ఇబ్బంది కలిగించే దానిని తొలగించమని సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, అంటే మన దగ్గర ఆర్డీఓ, షరతులతో కూడిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఎదుటి పక్షం ఆ పని చేయాలి, లేదా వచ్చి ఎందుకు చేయనక్కర్లేదో చెప్పుకోవాలి. (2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది; అందులో ఇది 152వ సెక్షన్.) యజమాని మీద ఆ ఉత్తర్వు కోరుతూ నోటీసులు, పంచనామా, ఫొటోలు పెట్టి ఫైలు పంపాం.

మూడు వారాలకు ఫైలు ఒక చిన్న ప్రశ్నతో తిరిగి వచ్చింది: "నిలిచిన నీటి మూలం ఏమిటో నివేదికలో లేదు. తెలియజేయవలెను."

నా ఉద్యోగంలో ఇంత ఉపకారం చేసిన వాక్యం ఇంకొకటి లేదు. ఏడు అర్జీలకు జవాబు రాసిన మేము ఒక్కసారి కూడా ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆ ఫైలు అలాగే ముందుకు వెళ్లి ఉంటే, యజమాని తరఫు వకీలు మొదటి వాయిదాలోనే "ఈ నీరు నా కక్షిదారుది కాదు" అని చెప్పి ఉండేవారు, ఆ మాట నిజమై ఉండేది.

నీటి జాడ

ఉమ్మడి తనిఖీకి ఉదయం ఆరు గంటల వేళను ఎంచుకున్నాను. ఇళ్లలో నీటి వాడకం ఎక్కువగా ఉండేది అప్పుడే. పగలు పదకొండు గంటలకు వెళ్లే అధికారికి పైపులన్నీ పొడిగానే కనిపిస్తాయి. నాతోపాటు వార్డు సచివాలయం నుంచి శానిటేషన్ సెక్రటరీ, రోడ్లు, డ్రెయిన్ల వంటి సదుపాయాలు చూసే ఎమినిటీస్ సెక్రటరీ, ప్లానింగ్ సెక్రటరీ ముగ్గురూ వచ్చారు. 2019 అక్టోబరులో వార్డు సచివాలయాలు మొదలయ్యాక ఈ ముగ్గురూ ఒకే గదిలో కూర్చుంటున్నారు, అయినా ఆ స్థలానికి ముగ్గురూ కలిసి రావడం అదే మొదటిసారి.

తాపీ మేస్త్రులు మట్టం చూసుకునే నీళ్ల గొట్టం తెప్పించి కొలిపించాను. స్థలం కంటే రోడ్డు అడుగున్నర ఎత్తులో ఉంది. స్థలం మూలన, రోడ్డు కింద, పాత తూము నోరు ఒకటి మట్టిలో కూరుకుపోయి కనబడింది. ఒకప్పుడు అటు నీరు వీధి డ్రెయినులోకి వెళ్లేది. రెండోసారి రోడ్డు వేసినప్పుడు అవతలి నోటిని కాంక్రీటు కప్పేసింది. ఆ పని చేయించింది మా మున్సిపాలిటీయే.

తర్వాత చుట్టూ ఉన్న నాలుగిళ్లలోనూ, వాళ్ల అనుమతితోనే, బాత్‌రూంలో బకెట్టు నీళ్లలో బట్టలకు పెట్టే నీలిమందు కలిపి ఒక్కొక్క ఇంటికీ కొంత వ్యవధి ఇచ్చి పోయించాం. నేను స్థలం అంచున గట్టు మీద కూర్చుని చూస్తున్నాను. మొదటి ఇంట్లో పోసిన ఐదారు నిమిషాలకు, కొట్టేసిన తుమ్మ మోడు వేళ్ల కింద నుంచి సన్నని నీలి తీగ ఒకటి నల్లని నీటిలోకి పాకింది. అక్కడ పైపు ఉన్నట్టు పైకి కనిపించదు. ఏళ్ల తరబడి పేరుకున్న బురద దాన్ని కప్పేసింది. ఆ ఇల్లు అర్జీదారుది. మిగిలిన మూడిళ్ల నీలమూ అక్కడికే వచ్చింది. నాలుగో ఇంటి నుంచి వాడకపు నీటితోపాటు సెప్టిక్ ట్యాంకు పొంగు నీరు కూడా వస్తున్నట్టు తేలింది.

నిర్ణయాలు, వాటి వెనుక ఆలోచన

ఇప్పుడు ఈ ఇబ్బందికి ముగ్గురు బాధ్యులు తేలారు: తూము మూసిన మున్సిపాలిటీ, పైపులు పెట్టిన నాలుగిళ్లు, స్థలాన్ని వదిలేసిన యజమాని. ఎవరి పని ముందు జరగాలన్నదే అసలు ప్రశ్న. యజమానితో ముందు మెరక తోలిస్తే నాలుగిళ్ల మురుగు వెనక్కి తన్ని ఆ ఇళ్లలోనే నిలుస్తుంది. పైపులు ముందు మూయిస్తే, డ్రెయిను దాకా మార్గం లేదు గనుక అవి ఇంకో చోట తెరుచుకుంటాయి. కనుక మొదట తూము, ఆ తర్వాత పైపులు, చివరికి స్థలం అని వరుస పెట్టుకున్నాను. మేము చేయవలసింది చేయకుండా ఒక్క పౌరుడికి కూడా నోటీసు ఇవ్వకూడదనుకున్నాను.

ఇంజనీరింగ్ విభాగం ఆ ఏడాది నిధులు లేవన్నది. 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఇచ్చిన సుప్రీంకోర్టు తీర్పును నా నోట్‌లో ప్రస్తావించాను. అక్కడ కూడా ఒక వార్డు జనం మురుగు గురించి ఇదే 133వ సెక్షన్ కిందనే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లారు, ఉత్తర్వు వచ్చింది మున్సిపాలిటీ మీదనే. డబ్బు లేదన్న సాకును కోర్టు ఒప్పుకోలేదు. మా ఫైలు సరిగ్గా విచారణకు వెళ్తే ప్రతివాది స్థానంలో మేమే నిలబడతామని కమిషనరుగారికి వివరించాను. తూము తెరిచి, వీధి డ్రెయినుకు కొత్తగా కలిపే పని నెలన్నరలో పూర్తయింది.

అర్జీదారుతో మాట్లాడటం ఈ కేసులో అన్నిటికంటే కష్టమైన పని. ఫిర్యాదు చేసినవాడికే నోటీసు వస్తే వీధిలో ఇంకెవరూ ఫిర్యాదు చేయరు; అలాగని ఆయన్ని వదిలేసి మిగిలిన ముగ్గురికే ఇస్తే అది అన్యాయం. నోటీసు చేతికి వెళ్లే ముందే నేనొక్కణ్ణే వెళ్లి విషయం చెప్పాను.

"ఆ పైపు ఇల్లు కట్టినప్పుడు మేస్త్రి పెట్టిందండి. డ్రెయినులోకే పోతుందనుకుంటున్నాను ఇన్నాళ్లూ," అన్నారాయన. కాసేపాగి, "అయితే ఇప్పుడు నాకే నోటీసిస్తారా?" అని అడిగారు.

"మీ ఒక్కరికే ఇవ్వనండి. నాలుగిళ్లకూ ఒకే రోజు, ఒకే మాటలతో ఇస్తాం. మావైపు తూము పనైంది, మీరే వచ్చి చూడండి. జరిమానా ఏమీ రాయడం లేదు, పదిహేను రోజుల్లో పైపు డ్రెయినుకు కలుపుకుంటే చాలు."

ఆయన మర్నాడు వచ్చి తూము చూశారు. నాలుగిళ్లలో మొదట పైపు మార్పించుకున్నది ఆయనే. సెప్టిక్ ట్యాంకు ఇంటికి మాత్రం దాంతోపాటు పొంగు నీటి గురించి వేరే నోటీసు, ఏడు రోజుల గడువు ఇచ్చాను. పొంగు నీటిని డ్రెయినులోకి కలపనివ్వకుండా ట్యాంకు ఖాళీ చేయించుకోమన్నాను. మలంతో కలిసిన నీటినీ స్నానపు నీటినీ ఒకే గాటన కట్టి ఒకే గడువు ఇస్తే అది సమానత్వం అనిపించుకోదు.

ఇక యజమాని. పోస్టులో దొరకని మనిషి వాట్సాప్‌లో రెండు రోజుల్లో దొరికాడు. దస్తావేజు మీద సాక్షి సంతకం చేసిన బంధువు అదే పట్టణంలో ఉన్నాడు, ఆయనే నంబరు ఇచ్చాడు. ఫోనులో యజమాని మొదట అడిగింది మురుగు గురించి కాదు. "సార్, ఎవరైనా ఆక్రమించారా?" అన్నాడు. గొంతులో భయం స్పష్టంగా వినిపించింది. విదేశాల్లో ఉండి ఇక్కడ స్థలం ఉన్న ఎవరికైనా ఇదే మొదటి భయమని ఆ తర్వాత చాలా మంది దగ్గర చూశాను. ఆయన ఏడాది కిందటే కర్రకు అంటించిన నోటీసు ఫొటోను బంధువు ద్వారా చూశాడట. స్థలం కాజేయడానికి ఎవరో పుట్టించిన కాగితమనుకుని జవాబివ్వలేదట. మేము అలసత్వం అనుకున్నది నిజానికి భయం. నోటీసు మీద ఆఫీసు ఫోను నంబరు, నన్ను కలిసే వేళలు రాసి ఉంటే ఆ ఏడాది మిగిలేది.

ఆయన్ని కోరినవి మూడు: రోడ్డు మట్టానికి మెరక, చుట్టూ కంచె, ఖాళీ స్థలం పన్నుకు అసెస్‌మెంటు. పన్ను రశీదు హక్కుకు రుజువు కాదని, దాన్ని నమ్ముకోవద్దని ముందే స్పష్టంగా చెప్పాను. అయితే పేరు, చిరునామా మా రికార్డులో ఉంటే ఇకమీద ఏ కాగితమైనా నేరుగా ఆయనకే వెళ్తుంది. ఈ మాట ఆయనకు జరిమానా హెచ్చరిక కంటే బాగా ఎక్కింది. 2023 మేలో మెరక పడింది, జూన్‌లో కంచె వచ్చింది.

చెత్త సంగతి త్వరగా చెబుతాను. రాత్రి కాపలా పెట్టి రద్దు పోస్తున్న ఒక ట్రాక్టరును పట్టుకుని జరిమానా వేశాం, కంచె వచ్చాక రద్దు పోయడం ఆగిపోయింది. రోజువారీ చెత్తలో ఎక్కువ భాగం వీధి చివర ఒక తల్లీకొడుకులు నడిపే టిఫిన్ బండిదని తేలింది. మా చెత్తబండి ఏడింటికి వచ్చి వెళ్లిపోతుంది, ఆ బండి సర్దుకునేది పదకొండింటికి. మధ్యలో ఆ తల్లీకొడుకులు విస్తళ్లు ఎక్కడ వేయాలి? పదకొండున్నరకు ఆ వీధికి ఒక తోపుడుబండిని పంపే ఏర్పాటు చేశాక ఆ మూల శుభ్రంగానే ఉంది.

తర్వాత మార్చుకున్నవి, మిగిలినవి

ఈ కేసు తర్వాత నా పరిధిలో నిలవ నీటి ఫిర్యాదు వస్తే మొదటి తనిఖీ ఉదయం పూటే జరగాలని, నీటి మట్టాన్ని ఒక గుర్తు పెట్టిన కర్రతో కొలిచి మూడు రోజుల తర్వాత మళ్లీ కొలవాలని పెట్టుకున్నాను. వాన లేకుండా మట్టం తగ్గకపోతే పైపు కోసం వెతకాలి. తగ్గితే నేల పల్లం, దారి మూసుకుపోవడం గురించి చూడాలి. ఈ ఒక్క కొలతతో నోటీసు ఎవరికి వెళ్లాలో సగం తేలుతుంది. పరిష్కారానికి ఆధారంగా పని జరిగిన రోజు ఫొటోతోపాటు పదిహేనో రోజు ఫొటో కూడా ఫైలులో పెట్టమంటున్నాను. గడువు లెక్కల్లో దీనికి చోటు లేదు గనుక అది విడిగా మా రిజిస్టరులోనే ఉంటోంది. పొదలు కొట్టించడం మాత్రం కంచెకు ఏర్పాటు జరిగాకే చేయిస్తున్నాను.

అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. మూడో ఇంట్లో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడకు పైపు మార్పించుకునే స్తోమత లేదు. గడువు రెండుసార్లు పొడిగించి, చివరికి తూము పనిలో మిగిలిన పైపు ముక్కలతో మా కార్మికులే కలిపారు. అది నిబంధనలకు పూర్తిగా లోబడిన పని కాదు, ఆ మాట ఫైలులోనే రాశాను. స్థలం మెరకయ్యాక పెద్ద వాన పడితే, ఇదివరకు అక్కడ చేరిన నీరు ఇప్పుడు ఎదురు వరుసలోని రెండిళ్ల వాకిట్లో గంటా రెండు గంటలు నిలుస్తోంది. ఆ ఇళ్లవాళ్లు 2023 ఆగస్టులో అర్జీ పెట్టారు. అది న్యాయమైన అర్జీ. ఈసారి నీళ్ల గొట్టంతో మట్టాలు కొలిచి, డ్రెయిను వాలు ఎక్కడ తప్పిందో గీసిన కాగితంతో సహా మొదటి వారంలోనే ఇంజనీరింగ్ విభాగానికి పంపాను.